కండరం పొడవు, బరువుల వ్యాయామం

మోచేయి చాపి ఉంచినప్పుడు దండచేతి ముందు భాగంలోని బైసెప్స్ సాగి ఉంటుంది. చేయి మడిచేకొద్దీ కురచై ఉబ్బుతుంది. డంబెల్‌ను అడుగు నుంచి సగం దాకా మాత్రమే ఎత్తి దించితే ఈ కండరం సాగిన స్థితిలో పనిచేస్తుంది. సగం నుంచి భుజం దాకా ఎత్తి దించితే కురచ స్థితిలో పనిచేస్తుంది. సెట్లు, పునరావృత్తులు సమానంగా ఉన్నా ఈ రెండు సాధనల వల్ల కండరం ఒకేలా పెరగదు, బలం కూడా ఒకే కోణంలో రాదు. సాగిన స్థితిలో చేసిన సాధన చాలా కండరాల్లో ఎక్కువ పెరుగుదలనిస్తుందని 2010ల నుంచి వచ్చిన ప్రయోగాలు చూపాయి. అయితే ఇది అన్ని కండరాలకూ ఒకే తీరున వర్తించే సూత్రం కాదు. బలం విషయానికొస్తే లెక్క మరోలా ఉంటుంది.

కండరం పొడవును నిర్ణయించేది అది దాటిపోయే కీళ్ల కోణం. ఒక్క కీలును మాత్రమే దాటే కండరాల సంగతి తేలిక. రెండు కీళ్లను దాటే కండరాల పొడవు మాత్రం రెండు కోణాల మీదా ఆధారపడుతుంది. తొడ వెనుక ఉండే హ్యామ్‌స్ట్రింగ్స్‌లో ఎక్కువ భాగం తుంటినీ మోకాలినీ, దండచేతి వెనుక ఉండే ట్రైసెప్స్‌లో పొడుగు తల అనే పాయ భుజాన్నీ మోచేతినీ, పిక్కలోని గాస్ట్రోక్నీమియస్ మోకాలినీ చీలమండనూ దాటుతాయి. ఈ విషయంపై వచ్చిన స్పష్టమైన ఫలితాల్లో చాలా భాగం ఈ రెండు కీళ్ల కండరాల నుంచే వచ్చాయి. కారణం సులభం: ఒక కీలును కదలకుండా నిలిపి, రెండో కీలుతో అదే వ్యాయామం చేయిస్తే, తక్కినవన్నీ సమానంగా ఉంచి పొడవును మాత్రమే మార్చవచ్చు.

పొడవుకూ బలానికీ సంబంధం

కండర తంతువు సార్కోమియర్లు అనే సూక్ష్మ భాగాల వరుస. ఒక్కో సార్కోమియర్‌లో మందమైన మయోసిన్ పోగులు, సన్నని యాక్టిన్ పోగులు ఒకదాని మధ్యలోకి ఒకటి చొచ్చుకొని ఉంటాయి. సంకోచించేటప్పుడు ఈ పోగులు కురచ కావు, ఒకదాని పక్క నుంచి ఒకటి జారతాయి. ఈ సంగతిని 1954లో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె ఒక జట్టుగా, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరో జట్టుగా ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో ప్రకటించారు. ఇద్దరు హక్స్‌లీలకూ బంధుత్వమేమీ లేదు.

పోగులు ఎంత మేర ఒకదానిలో ఒకటి చొచ్చుకొని ఉంటే వాటి మధ్య అన్ని పట్టులు ఏర్పడతాయి, అంత బలం పుడుతుంది. 1966లో గోర్డన్, ఆండ్రూ హక్స్‌లీ, జూలియన్ కప్ప కండరపు ఒక్కొక్క తంతువును వేర్వేరు పొడవుల్లో పట్టి ఉంచి బలం కొలిచారు. సార్కోమియర్ సుమారు 2.0 నుంచి 2.2 మైక్రాన్ల పొడవున్నప్పుడు బలం గరిష్ఠం. 3.65 మైక్రాన్ల దగ్గర పోగుల కలయిక పూర్తిగా పోయి బలం సున్నా అయింది. మరీ కురచైనా పోగులు అడ్డుపడి బలం తగ్గింది. మనిషి యాక్టిన్ పోగులు కప్పవాటికంటే పొడవైనవి, కాబట్టి మన కండరాలకు అనువైన పొడవు 2.7 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది.

ఇదంతా కండరం తనంతట తాను పుట్టించే బలం గురించి. సాగదీసినప్పుడు ఎదురు లాగే బలం మరొకటి ఉంది. దానికి ముఖ్య ఆధారం టైటిన్, మనిషి శరీరంలోని ప్రోటీన్లలో అతి పెద్దది. సార్కోమియర్ ఒక చివర నుంచి మధ్య దాకా వ్యాపించి, సాగినకొద్దీ బిగిసే స్ప్రింగులా ఇది పనిచేస్తుంది. కండరం బాగా సాగి ఉన్నప్పుడు పోగుల పట్టు తగ్గుతున్నా ఈ బిగింపు పెరుగుతుంది కాబట్టి తంతువుపై పడే మొత్తం ఒత్తిడి ఎక్కువగానే ఉండవచ్చు. యాంత్రిక ఒత్తిడే కండరం పెరగడానికి ప్రధాన ప్రేరణ అన్నది వ్యాయామ శాస్త్రంలో స్థిరపడిన అభిప్రాయం. అందువల్ల సాగిన స్థితి వైపు పరిశోధకుల చూపు మళ్లడం సహజమే.

పెరుగుదలపై ప్రయోగాలు

ఈ ప్రశ్నకు తేటగా జవాబిచ్చిన ప్రయోగాల్లో జపాన్ పరిశోధకుడు సుమియాకి మాఎవో బృందం 2021లో ప్రచురించినది ముందు వరసలో ఉంటుంది. 20 మంది ఒక కాలితో కూర్చొని, రెండో కాలితో బోర్లా పడుకొని, యంత్రంపై మోకాలిని మడిచే లెగ్ కర్ల్ వ్యాయామం చేశారు. రెండు యంత్రాల్లోనూ మోకాలి కదలిక ఒకటే. తేడా తుంటి దగ్గరే. కూర్చున్నప్పుడు తుంటి వంగి హ్యామ్‌స్ట్రింగ్స్ సాగి ఉంటాయి, బోర్లా పడుకున్నప్పుడు వదులవుతాయి. ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువులో 70 శాతంతో, పదేసి పునరావృత్తుల ఐదు సెట్లు, వారానికి రెండు రోజులు, 12 వారాలు సాధన సాగింది. ఎంఆర్‌ఐతో కొలిస్తే హ్యామ్‌స్ట్రింగ్స్ పరిమాణం కూర్చొని చేసిన కాలిలో 14 శాతం, పడుకొని చేసిన కాలిలో 9 శాతం పెరిగింది. ఈ ప్రయోగాన్ని నమ్మదగినదిగా చేసినది మరో చిన్న కొలత. బైసెప్స్ ఫెమోరిస్ కురచ తల మోకాలిని మాత్రమే దాటుతుంది, తుంటి కోణంతో దానికి పనిలేదు. అది రెండు కాళ్లలోనూ దాదాపు సమానంగా, 10 శాతం, 9 శాతం చొప్పున పెరిగింది. అంటే సాగుదలలో తేడా ఉన్న కండరాల్లోనే పెరుగుదలలోనూ తేడా వచ్చింది.

అదే బృందం తర్వాత ట్రైసెప్స్‌ను పరీక్షించింది. ఒక చేతిని తలపైకి ఎత్తి పట్టి, రెండో చేతిని పక్కన దించి కేబుల్‌తో మోచేయి చాపే వ్యాయామాన్ని 21 మంది 12 వారాలు చేశారు. తలపైకెత్తినప్పుడు సాగే పొడుగు తల ఎత్తిన చేతిలో 28.5 శాతం, పక్కన దించి చేసిన చేతిలో 19.6 శాతం పెరిగింది. ఎత్తిన చేత్తో వాడిన బరువు తక్కువే అయినా ఫలితం ఇది. ఇక్కడే ఒక చిక్కు కూడా ఎదురైంది. భుజంతో సంబంధం లేని తక్కిన రెండు తలలు కూడా ఎత్తిన చేతిలోనే ఎక్కువ పెరిగాయి: 14.6 శాతం, దించిన చేతిలో 10.5 శాతం. వాటి పొడవు రెండు భంగిమల్లోనూ ఒకటే కనుక సాగుదల ఒక్కటే కారణమని చెప్పడం కుదరదు. చేయి పైకెత్తినప్పుడు రక్తప్రసరణ తగ్గి కండరానికి ఆక్సిజన్ అందడం తగ్గుతుంది. దాని పాత్ర ఉండవచ్చని పరిశోధకులు భావించారు.

పిక్కల విషయంలో తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మోకాలు మడిచి కూర్చొని మడమలెత్తితే గాస్ట్రోక్నీమియస్ వదులై, భారమంతా లోపలి సోలియస్‌పై పడుతుంది. నిలబడి చేస్తే రెండూ పనిచేస్తాయి. 2023లో వెలువడిన ఒక 12 వారాల ప్రయోగంలో నిలబడి చేసిన కాలిలో గాస్ట్రోక్నీమియస్ బయటి తల 12.4 శాతం, లోపలి తల 9.2 శాతం పెరిగాయి. కూర్చొని చేసిన కాలిలో ఈ పెరుగుదల రెండు శాతం లోపే. సోలియస్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అదే ఏడాది బ్రెజిల్‌లో కాసియానో బృందం భంగిమకు బదులు కదలిక మేరను మార్చి చూసింది. 42 మంది యువతులను మూడు జట్లుగా చేసి 8 వారాలు మడమలెత్తించారు. ఒక జట్టు మడమను బాగా కిందికి దించి మధ్య దాకా మాత్రమే ఎత్తింది. ఇంకో జట్టు మధ్య నుంచి మునివేళ్లపై పూర్తిగా లేచేదాకా చేసింది. మూడో జట్టు పూర్తి కదలికతో చేసింది. లోపలి తల మందం మొదటి జట్టులో 15.2 శాతం, పూర్తి కదలిక జట్టులో 6.7 శాతం, పై సగం జట్టులో 3.4 శాతం పెరిగింది. మడమను కాలివేళ్ల కింది బల్లచెక్క కంటే కిందికి దిగనివ్వకుండా పైపైన వేగంగా ఎగిరే అలవాటు జిమ్‌లలో సర్వసాధారణం. అందులో వదిలేస్తున్న భాగమే ఎక్కువ పెరుగుదలనిచ్చేది.

తొడ ముందు కండరాలపై 2022లో పెద్రోసా బృందం మోకాలిని చాపే లెగ్ ఎక్స్‌టెన్షన్‌తో చేసిన ప్రయోగం కూడా ఇదే దారిలో ఉంది. మోకాలు బాగా మడిచిన భాగంలో సాధన చేసినవారిలో క్వాడ్రిసెప్స్, ముఖ్యంగా మోకాలి దగ్గరి భాగం, ఎక్కువ పెరిగింది. కండరం మొత్తం ఒకే మోతాదులో పెరగదనీ, సాగిన స్థితి సాధన ప్రభావం తరచు కింది కొసన ఎక్కువగా కనిపిస్తుందనీ ఇలాంటి మరికొన్ని కొలతలు చెబుతున్నాయి.

బైఠక్‌ల లోతుపై 2019లో కేయితారో కుబో బృందం 10 వారాల ప్రయోగం చేసింది. పూర్తిగా కిందికి దిగి స్క్వాట్ చేసినవారిలోనూ, సగం దిగినవారిలోనూ మోకాలిని చాపే కండరాలు దాదాపు సమానంగానే, 5 శాతం మేర పెరిగాయి. తేడా పిరుదు కండరంలోనూ, తొడ లోపలి అడక్టర్లలోనూ కనిపించింది. గ్లుటియస్ మాక్సిమస్ పూర్తి లోతులో 6.7 శాతం, సగం లోతులో 2.2 శాతం పెరిగింది, అడక్టర్లు 6.2 శాతం, 2.7 శాతం చొప్పున పెరిగాయి. హ్యామ్‌స్ట్రింగ్స్‌లో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. స్క్వాట్ ఒక్కటే చేస్తే కాలు మొత్తం సిద్ధమవుతుందనే నమ్మకానికి ఈ చివరి ఫలితం తగిన జవాబు.

ఎదురు నిలిచే ఫలితాలు

అన్ని ప్రయోగాలూ ఒకే వైపు మొగ్గలేదు. హిప్ థ్రస్ట్ అనే వ్యాయామంలో పిరుదు కండరం కురచ స్థితిలోనే ఎక్కువ భారం మోస్తుంది. స్క్వాట్‌లో సాగిన స్థితిలో మోస్తుంది. 2023లో ఈ రెంటినీ 9 వారాలు పోల్చి చూస్తే పిరుదుల పెరుగుదల దాదాపు సమానంగా ఉంది. తొడలు మాత్రం స్క్వాట్ చేసినవారిలోనే ఎక్కువ పెరిగాయి. పొడవు ఒక్కటే అన్నిటినీ నిర్ణయిస్తే హిప్ థ్రస్ట్ వెనకబడాలి, కానీ వెనకబడలేదు.

ఇంకొక ఫలితం పాత సాధకులకు సంబంధించినది. పైన చెప్పిన ప్రయోగాల్లో పాల్గొన్నవారిలో అత్యధికులు బరువుల అలవాటు లేనివారు. 2025లో మిలో వోల్ఫ్ బృందం ఏళ్లుగా సాధన చేస్తున్నవారిని తీసుకొని, ఒక చేతితో సాగిన సగంలో మాత్రమే, రెండో చేతితో పూర్తి కదలికతో 8 వారాలు చేయించింది. చేతి కండరాల మందంలో రెండు పద్ధతులకూ పట్టించుకోదగ్గ తేడా లేదు. పూర్తి కదలికలో సాగిన భాగం ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇది ఆశ్చర్యపడాల్సిన ఫలితం కాదు. కురచ సగంతో పోలిస్తే సాగిన సగం మేలన్నది ఒక మాట, పూర్తి కదలిక కన్నా మేలన్నది వేరొక మాట. మొదటిదానికి ఆధారాలు గట్టివి. రెండోదానికి పిక్కల్లాంటి కొన్ని చోట్ల తప్ప బలహీనం. సామాజిక మాధ్యమాల్లో ఈ రెంటినీ కలగాపులగం చేసి, ప్రతి వ్యాయామాన్నీ సగంలో ఆపమని చెప్పే వీడియోలకు ఈ ఆధారాలు సరిపోవు.

కారణాల అన్వేషణ

సాగిన స్థితి ఎందుకు పనిచేస్తుందన్నదానికి టైటిన్ బిగింపు మొదట వినిపించే వివరణ. అయితే ఈ బిగింపు పెద్దగా రావాలంటే ఆ కండరపు సార్కోమియర్లు అనువైన పొడవును దాటి సాగాలి. మనిషి కండరాలన్నీ అంత దూరం సాగవు. గాస్ట్రోక్నీమియస్ చాలా మేర ఆ పొడవుకు లోపలే పనిచేస్తుందని కొలతలు సూచిస్తున్నాయి. అయినా సాగిన స్థితి సాధనకు అదే అన్నిటికన్నా ఎక్కువగా స్పందించింది. అందుకు ఒక సమాధానం ఉంది: మరీ కురచైనప్పుడు ఈ కండరం పుట్టించే బలం బాగా పడిపోతుంది, కాబట్టి సాగిన స్థితి దానికి అనువైన పొడవును అందిస్తుంది.

లీవర్ సూత్రం పాత్ర కూడా ఉంది. కీలు కోణం మారితే కీలు నుంచి కండరం లాగే రేఖకు ఉండే దూరం, అంటే లీవర్ చేయి, మారుతుంది. అది చిన్నదైన కోణంలో అదే బరువును మోయడానికి కండరం లోపల ఎక్కువ బలం పుట్టాలి. బయటి నుంచి చూస్తే బరువు సమానం. తంతువులకు మాత్రం సమానం కాదు.

బరువు లేకుండా సాగదీతే కండరాన్ని పెంచగలదా అన్న ప్రశ్నకు పక్షులు నాటకీయమైన జవాబిచ్చాయి. 1990లలో ఆంటోనియో, గోన్యే కంజు పిట్టల రెక్కకు బరువు కట్టి వేలాడదీస్తే, నెల తిరిగేసరికి సాగిన కండరం బరువు మూడు రెట్లు దాటింది. మనుషుల్లో అంతటి మార్పు లేదు. జర్మనీలో వార్నెకె బృందం 2022లో ఆర్థోసిస్ అనే పట్టీతో పిక్కను రోజుకు గంట చొప్పున ఆరు వారాలు గట్టిగా సాగదీయిస్తే మందం 15.3 శాతం, బలం 16.8 శాతం పెరిగాయి. రోజుకు గంట! అదే సమయాన్ని బరువులకు వెచ్చిస్తే ఒక్క పిక్క కాదు, ఒళ్లంతా సాధన అయిపోతుంది. మామూలుగా చేసే అర నిమిషం స్ట్రెచింగ్‌కు ఇలాంటి ఫలితం ఉండదు.

సాగిన స్థితిలో కండరం పొడవు వైపు కూడా పెరుగుతుందా అన్నది మరో ప్రశ్న. 1972లో తబారీ, గోల్డ్‌స్పింక్ తదితరులు పిల్లుల కాలికి పిండికట్టు వేసి సోలియస్‌ను సాగిన స్థితిలో బిగిస్తే సార్కోమియర్ల సంఖ్య 19 శాతం పెరిగింది. కురచ స్థితిలో బిగిస్తే 40 శాతం తగ్గింది. మనుషుల్లో సాధన తర్వాత తంతువుల కట్టలు పొడవవుతాయని అల్ట్రాసౌండ్ చూపుతుంది. అయితే కట్ట పొడవైనంత మాత్రాన కొత్త సార్కోమియర్లు చేరినట్టు కాదు. ఉన్నవే ఒక్కొక్కటి సాగి ఉండవచ్చు.

బలం, కోణం

పెరుగుదలలో సాగిన స్థితికి ఉన్న మొగ్గు బలంలో అంత నేరుగా కనబడదు. ఏ కోణంలో సాధన చేస్తే ఆ కోణంలోనే బలం ఎక్కువగా పెరుగుతుంది. 1989లో కిటాయ్, సేల్ చీలమండను ఒకే కోణంలో నిలిపి, కదలిక లేని ఐసోమెట్రిక్ సాధన చేయిస్తే, బలం ఆ కోణంలోనూ దానికి అటూ ఇటూ 5 డిగ్రీల లోపునా మాత్రమే స్పష్టంగా పెరిగింది. నాడీవ్యవస్థ ఆ కోణానికే అలవాటుపడటం ఇందుకు ముఖ్య కారణంగా భావిస్తారు.

అయితే ఈ పరిమితి రెండు వైపులా సమానం కాదు. కురచ స్థితిలో సంపాదించిన బలం అక్కడే ఉండిపోతుంది. సాగిన స్థితిలో వచ్చిన బలం మిగతా కోణాలకూ పాకుతుంది. మోచేతి కండరాలపై 1988లోనే ఈ తేడా కనిపించింది. 2006లో కుబో బృందం ఒక మోకాలిని 50 డిగ్రీల వంపులో, రెండోదాన్ని 100 డిగ్రీల వంపులో నిలిపి 12 వారాలు ఐసోమెట్రిక్ సాధన చేయించింది. కండర పరిమాణం రెండు కాళ్లలోనూ 10, 11 శాతం చొప్పున సమానంగానే పెరిగింది. 100 డిగ్రీల కాలికి మాత్రం అన్ని కోణాల్లోనూ బలం పెరిగింది, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ గట్టిపడింది. మొత్తం మీద ఐసోమెట్రిక్ ప్రయోగాలను కలిపి చూసిన 2019 నాటి సమీక్షలో సాగిన స్థితి సాధనకు వారానికి 0.86 నుంచి 1.69 శాతం, కురచ స్థితి సాధనకు 0.08 నుంచి 0.83 శాతం కండర పరిమాణపు పెరుగుదల నమోదైంది.

క్రీడాకారుడికి ఏ కోణంలో బలం కావాలన్నది ఆటను బట్టి ఉంటుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచింది. స్నాచ్‌లో బరువును తలపై అందుకునేది పూర్తిగా కూర్చున్న స్థితిలో. అక్కడి నుంచి లేవలేని లిఫ్టర్‌కు సగం స్క్వాట్‌లో ఎంత బలమున్నా ఉపయోగం లేదు. నిలువుగా ఎగిరేవారి అవసరం వేరు. మోకాలు కొద్దిగా మడిచిన భంగిమ నుంచే వారు నేలను తంతారు. కళాశాల క్రీడాకారులపై 2016లో జరిగిన ఒక ప్రయోగంలో పావు వంతు మాత్రమే దిగే స్క్వాట్ చేసినవారికే ఎగురుడులోనూ పరుగులోనూ ఎక్కువ మెరుగుదల కనిపించింది. దీనికి భిన్నంగా, పాత తాలింఖానాల్లో పూర్తిగా కూర్చొని లేచే బస్కీలు, ఛాతీ నేలకు ఆనేదాకా వంగే దండాలు తీసే పద్ధతి కండరాన్ని సాగిన చివరిదాకా తీసుకెళ్లేదే.

సాధనలో వినియోగం

పెరుగుదల లక్ష్యమైతే రెండు కీళ్ల కండరాలకు భంగిమను మార్చడం వల్ల ప్రయోజనం ఎక్కువ, ఖర్చు తక్కువ. హ్యామ్‌స్ట్రింగ్స్‌కు పడుకొని చేసే యంత్రం కన్నా కూర్చొని చేసేది, ట్రైసెప్స్ సెట్లలో కొన్నింటికి చేతులు తలపైకెత్తి చేసే వ్యాయామం, పిక్కలకు మోకాలు చాపి నిలబడి చేసేది మేలు. తక్కిన చోట్ల పూర్తి కదలికే సరిపోతుంది. ఏ బరువుతో కదలికలోని కింది భాగం తప్పిపోతోందో ఆ బరువు ఎక్కువైనట్టే. సెట్ చివర పైకి పూర్తిగా ఎత్తే శక్తి లేనప్పుడు, కింది సగంలో మరికొన్ని పునరావృత్తులు చేయడం కూడా వాడుకలో ఉంది.

గాయాల నివారణలోనూ సాగిన స్థితికి స్థానముంది. మోకాళ్లపై నిలబడి, చీలమండలను మరొకరు పట్టుకోగా, శరీరాన్ని నెమ్మదిగా ముందుకు వాల్చే నార్డిక్ వ్యాయామంలో హ్యామ్‌స్ట్రింగ్స్ భారం మోస్తూనే సాగుతాయి. దీన్ని చేర్చిన జట్లలో ఆ కండరపు గాయాలు సుమారు సగానికి తగ్గాయని 2019 నాటి ఒక సమీక్ష తేల్చింది.

సాగిన స్థితి సాధనకు ఒక మూల్యం కూడా ఉంది. అలవాటు లేని కండరం ఆ స్థితిలో భారం దించినప్పుడు ఎక్కువగా దెబ్బతిని, మర్నాడు, ఆ మర్నాడు గట్టిగా నొప్పి పెడుతుంది. బలం కూడా కొన్ని రోజులు తగ్గుతుంది. కొన్ని వారాల్లోనే కండరం దీనికి అలవాటుపడి, అదే భారానికి ఆ తర్వాత చాలా తక్కువగా దెబ్బతింటుంది. కాబట్టి పూర్తి లోతుకు కొత్తగా మారేవారు మొదట బరువు బాగా తగ్గించి, ఒకటి రెండు సెట్లతోనే ప్రారంభించాలి. భుజం కీలు ఇదివరకే జారినవారు, టెండన్ వాపుతో బాధపడుతున్నవారు పూర్తి సాగుదలకు వెళ్లేముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి.